గోడకెక్కిన తక్కెడ

ఉల్లిపాయలమ్మది పెద్ద నోరని కూరగాయల కొట్ల వరుసంతా ఒప్పుకుంటుంది. ఆమె కూడా ఒప్పుకుంటుంది, కాకపోతే ఇంకాస్త గట్టిగా. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, టమాటాలు తప్ప ఆమె కొట్లో ఇంకేమీ దొరకవు. ఇంకేదైనా అడిగినవాళ్లకు పక్క కొట్టు చూపించి మొహం తిప్పేసుకుంటుంది. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. ఆమె తూకంలో మోసం ఉండదని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకానికి ఆధారం ప్రార్థన మందిరం గోడ మీద వేలాడుతోంది. అది ఆమె పాత తక్కెడ.

వయసులో ఉన్నప్పుడు ఉల్లిపాయలమ్మ తూకంలో మోసం చేసేది. కుడిచేత్తో తక్కెడ ఎత్తి పట్టుకునేది. సరుకున్న పళ్లెం ఊగకుండా ఆపుతున్నట్టు ఎడమచెయ్యి అడ్డం పెట్టేది. ఆ ఎడమచేతి చిటికెనవేలు పళ్లెం అంచు మీద అలా వాలి, ఇలా లేచేది. ఎదుటివాళ్లు ముల్లు చూస్తారు గానీ వేలెందుకు చూస్తారు? పైగా నోరు ఊరుకోదు కదా, పిల్లాపాపల యోగక్షేమాలు అడుగుతూనే వాళ్ల సంచిలోంచి ఒక ఉల్లిపాయ కొట్టేసేది.

ఒకసారి కొడుక్కి జ్వరం వచ్చి, వైద్యులు కూడా పెదవి విరిచారు. ఆస్పత్రి వరండాలో కూలబడి, "నా బిడ్డ లేచి కూర్చుంటే ఈ దొంగబతుకు వదిలేస్తా" అని దేవుడికి మాటిచ్చింది. బిడ్డ లేచి కూర్చున్నాడు. ఆ వారమే తక్కెడ తీసుకెళ్లి సంఘపెద్ద కాళ్ల దగ్గర పెట్టి, చేసిందంతా చెప్పేసింది. అందరూ కళ్లు ఒత్తుకున్నారు. సంఘపెద్ద ఆ తక్కెడను, దాని తూకపురాళ్ల మూటతో సహా, వేదిక పక్కన మేకు కొట్టి వేలాడదీశాడు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించి, "మా చెల్లెమ్మ పాపం అదిగో, అక్కడే ఆగిపోయింది" అనేవాడు. వాళ్లు దాన్ని పట్టుబడ్డ దొంగను చూసినట్టు చూసేవారు. పాపం, ఆ ఇనుపముక్క చేసిన నేరమేమిటో ఎవరూ అడగలేదు. ఉల్లిపాయలమ్మ కూడా అడగలేదు. తక్కెడతో పాటే పీడా వదిలిందనుకుని, కరెంటు కాటా కొనుక్కుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

చాలా ఏళ్లు చిటికెనవేలు బుద్ధిగానే ఉంది. కొడుకు పెద్దవాడయ్యాడు, పెళ్లయింది, కోడలొచ్చింది.

ఆ మధ్య వానలకు టమాటాలు సగం కుళ్లిపోయాయి. ఆమె తల పట్టుకుని కూర్చున్న పూటే కళ్లద్దాలావిడ వచ్చింది. బేరంలో పీనుగను కూడా లేపి కూర్చోబెట్టగల మనిషి.

"ఉల్లిపాయల పైపొట్టు తీసేసి తూచు. పొట్టుకి కూడా డబ్బులివ్వాలా?" అంది.

ఉల్లిపాయలమ్మ నవ్వుతూ పొట్టు తీసింది. నవ్వుతూనే సంచిని కాటా మీద పెట్టి, ఎడమచేత్తో దాని మూతి పట్టుకుంది. వేలు దానంతటదే వాలింది. అంకెలు పైకెక్కాయి. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. కళ్లద్దాలావిడ పోతూ పోతూ, "నీ తూకం మీద నమ్మకంతోనే వస్తానమ్మా" అంది కూడా. ఆవిడ మలుపు తిరిగేదాకా ఉల్లిపాయలమ్మ ముసిముసిగా నవ్వుకుంది. ఆ సంతోషం అబద్ధం కాదు. బాగానే ఉండింది.

ఆ రోజు కసితో చేసింది. తర్వాత నష్టం పూడ్చుకోవాలంది. ఆ తర్వాత కారణాలు వెతుక్కోవడం కూడా మానేసింది. వీధి ఊడ్చే ముసలమ్మ తెచ్చే గుప్పెడంత సంచి మీద కూడా వేలు వాలింది. ప్రార్థనలో మాత్రం అందరికంటే గొంతెత్తి పాడేది. పాడేదే గానీ, దేవుడితో మాట్లాడటం మానేసింది. మొగుడితో చెడి, వేళకు వండిపెడుతూనే మొహం చూడని ఆడదానిలా నడుపుకొచ్చింది.

ఇంతలో సంఘం వార్షిక సభ దగ్గర పడింది. పక్క ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. ఎప్పట్లాగే తక్కెడ కింద నిలబడి సాక్ష్యం చెప్పాలని సంఘపెద్ద కబురు పంపాడు. ఉల్లిపాయలమ్మ సరేనంది. కొత్త చీర కూడా తీసి పెట్టుకుంది.

సభ రేపనగా ఆమెకు నడుం పట్టేసింది. కోడలు కొట్లో కూర్చుంది. నోట్లో నాలుక లేని పిల్ల, ఒక మాటకు రెండో మాట చెప్పదు. ఉల్లిపాయలమ్మ వెనక బస్తాల మీద ఒరిగి చూస్తోంది. వీధి ఊడ్చే ముసలమ్మ వచ్చింది. కోడలు సంచిని కాటా మీద పెట్టి, ఎడమచేత్తో మూతి పట్టుకుంది. చిటికెనవేలు పళ్లెం అంచు మీద అలా వాలి, ఇలా లేచింది.

ఉల్లిపాయలమ్మ ముసలమ్మ వెళ్లేదాకా కూడా ఆగలేదు.

"ఏమే! ఆ వేలెందుకు పెట్టావే?"

కోడలు బిత్తరపోయింది. "తప్పు పెట్టానా అత్తయ్యా? మీరు రోజూ అలాగే పట్టుకుంటారుగా. సంచి పడిపోకుండా అలాగే పట్టుకోవాలేమో అనుకున్నా."

ఆ పిల్ల కళ్లలో కల్మషం లేదు. అత్త చేసింది కాబట్టి అదే పద్ధతనుకుంది. ఉల్లిపాయలమ్మ పట్టేసిన నడుంతోనే లేచొచ్చి, ముసలమ్మ సంచిని మళ్లీ తూచింది. తక్కువైనదానికి నాలుగింతలు పోసింది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది.

ఆ సాయంత్రమే సంఘపెద్ద ఇంటికి వెళ్లింది.

"అయ్యగారూ, నేను మళ్లీ మొదలుపెట్టాను. రేపు సాక్ష్యం చెప్పలేను."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి.

"ఇప్పుడొద్దమ్మా, సభ అయ్యాక ఇద్దరం కూర్చుని ప్రార్థన చేసుకుందాం. నిన్ను చూసి మారినవాళ్లున్నారు. వాళ్లేమైపోతారు చెప్పు? పాత సంగతి వరకే చెప్పు. అది అబద్ధం కాదుగా."

"అదెలాగండీ? నిన్నటి సద్ది వేడిచేసి వడ్డించమంటారా?"

ఆయన ఆమెను గుమ్మందాకా సాగనంపాడు.

మర్నాడు మందిరం కిటకిటలాడింది. సంఘపెద్ద తక్కెడను చూపించి, ఆమెను పిలిచాడు. ఆమె కొత్త చీర కట్టలేదు, కొట్లో కట్టుకునే నేత చీరతోనే లేచింది. వేదికెక్కి ఎడమచెయ్యి పైకెత్తింది.

"అందరూ ఇటు చూడండి. అటు కాదు, తక్కెడ వైపు కాదు. దానికేం తెలీదు, అది ఎప్పుడూ సరిగ్గానే తూచింది. దొంగది ఈ వేలు. దీన్ని ఏ మేకుకీ వేలాడదీయలేదు, నాతోనే ఇంటికొచ్చింది. ఈ వానల్నించీ మళ్లీ మిమ్మల్ని మోసం చేస్తున్నా. నా కోడలు నన్ను చూసి నేర్చుకుంది. దేవుడు నా బిడ్డని తిరిగిచ్చాడు. నేను ఆయనకిచ్చిన మాట తప్పి కూర్చున్నా."

గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలోంచి ఎవరో, "ఇంకా ఏ మొహం పెట్టుకుని వచ్చావు?" అని అరిచారు.

"ఉన్నది ఈ ఒక్క మొహమే, దీంతోనే వచ్చా. పడ్డదాన్ని లేవొద్దంటారా? లేస్తా. వచ్చే వారమూ వస్తా, ఇక్కడే కూర్చుంటా. వెళ్లగొట్టాలంటే ఆ దేవుణ్నే దిగొచ్చి చెప్పమనండి."

స్టూలు లాక్కుని ఎక్కి, తక్కెడ దింపింది. సంఘపెద్ద లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. తూకపురాళ్ల మూట చంకలో పెట్టుకుని, ఆమె జనం మధ్యనుంచే నడిచి వెళ్లిపోయింది. కోడలు కూడా లేచి వెనకే నడిచింది.

తెల్లారాక తక్కెడ కొట్టు ముందు వేలాడింది, కొనేవాళ్ల చేతికందేలా. కింద రాళ్లు పెట్టింది. ఆ పూట బేరాలు పల్చబడ్డాయి. కొందరు చూసీ చూడనట్టు పక్క కొట్టుకు మళ్లారు. కోడలు బిక్కమొహం వేసింది. ఉల్లిపాయలమ్మ మాత్రం ఉల్లిపాయలు ఏరుతూ, చాలాకాలం తర్వాత దేవుడితో గొణుక్కుంటూ పోట్లాడుతోంది.

ఎండ ఎక్కుతుండగా కళ్లద్దాలావిడ వచ్చింది. ఉల్లిపాయలమ్మ ఆవిడ సంచి నింపి కాటా మీద పెట్టింది. ఆవిడ కాటా వైపు చూసింది, తక్కెడ వైపు చూసింది, చివరికి ఉల్లిపాయలమ్మ చేతి వైపు చూసింది.

"అంతా విన్నాలే. ఇంతకీ నిన్నింక నమ్మొచ్చా?"

ఉల్లిపాయలమ్మ సంచిని కాటా మీద నుంచి తీసి, ఆవిడ చేతుల్లో పెట్టింది.

"నమ్మకండి. తూచుకోండి."