బోట్లు ఒడ్డునుంటేనే నాకు కళ్ళు తిరిగేవి

ఆ రోజు వేట లేదు. సముద్రం మీద మబ్బు పట్టింది, పొద్దున్నించీ ఒకటే ఉక్కపోత. మా పల్లెలో బోట్లన్నీ పైకి లాగి తాళ్ళు కట్టేశారు. మా ఆయన రమణయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నేను దండెం మీద బట్టలు తీస్తున్నాను. చెయ్యి పైకెత్తానో లేదో దండెం ఒక పక్కకి జారిపోయింది. దాంతో పాటు ఇల్లు, వెనక సరుగుడు చెట్లు, అన్నీ ఎడమ నుంచి కుడికి పరిగెత్తాయి. బట్టలతో సహా కూలబడ్డాను.

మా అత్త కోటమ్మ పొయ్యి దగ్గర్నించి వచ్చింది.

"ఏందిమే, అట్ట కూలబడినావు?"

"కళ్ళు తిరగతుండాయత్తా."

ఆ ఒక్క మాటతోనే నా తిప్పలన్నీ మొదలయ్యాయి. మన దగ్గర కళ్ళు తిరుగుతున్నాయంటే రెండే అర్థాలు. కొత్తగా పెళ్ళైన దానికైతే నెల తప్పింది, మిగతా వాళ్ళకైతే ఒంట్లో నీరసం. మా పెళ్ళై రెండో ఏడు. అత్త మొహం వెలిగిపోయింది. నేను కళ్ళు మూసుకుని వాంతి ఆపుకుంటుంటే, వాంతి కూడా వస్తోందని ఇంకా సంతోషపడింది. సాయంత్రానికి పక్కింటి సుజాతక్క చింతకాయ పచ్చడి తెచ్చింది. వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చి నా మంచం చుట్టూ కూర్చున్నారు.

నాకు మనుషులంటే ప్రాణం. చదివింది టెన్త్ వరకే అయినా మాటలకు కొదవలేదు. బస్సులో పక్క సీటు వాళ్ళ ఇంటి సంగతులన్నీ దిగేలోపు తెలుసుకునే రకాన్ని. అంతమంది ఒకేసారి నా కోసం రావడం అదే మొదలు. వాళ్ళ గొంతులు తలలో సుత్తి దెబ్బల్లా ఉన్నా వెళ్ళమని చెప్పబుద్ధి కాలేదు.

టెస్టులో ఏమీ లేదని తేలింది. మర్నాటి నుంచి ఎవరూ రాలేదు.

కళ్ళు తిరగడం మాత్రం మళ్ళీ వచ్చింది. కావలి తీసుకెళ్ళారు. డాక్టరు గారు కనురెప్ప కిందికి లాగి చూసి "హెచ్‌బి తక్కువగా ఉందమ్మా, బీపీ కూడా లో. బాగా తినాలి" అన్నారు. ఐరన్ మాత్రలు రాశారు, సెలైన్ ఎక్కించారు. హెచ్‌బి పెరిగింది, ఇల్లు తిరగడం ఆగలేదు. ఇంకో చోట మెడ ఎక్స్‌రే తీసి కాలర్ వేశారు. ఇంకో చోట ఎమ్మారై తీశారు. ఆ గొట్టంలో పడుకుని, ఏదో ఒకటి కనబడాలి స్వామీ అని మొక్కుకున్నాను. జబ్బు కనబడాలని మొక్కుకునే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"అంతా నార్మలేనమ్మా. టెన్షన్ పడొద్దు" అన్నారు.

నార్మల్ అన్న మాట ఎంత ఒంటరిని చేస్తుందో అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చాక మా అత్త ఆ స్కాను కవరు తీసి బీరువా మీద పెట్టేసింది. "నార్మలంట. ఇంకేం కావాలి?" అంది.

సముద్రం మీద గాలి లేచినప్పుడల్లా, మబ్బు పట్టినప్పుడల్లా పడిపోయేదాన్ని. ఒకసారి పడితే రోజంతా, ఒక్కోసారి మర్నాడు కూడా గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుని ఉండాల్సిందే. వెలుతురు గుచ్చుకునేది. ఫోన్ చూస్తే అక్షరాలు ఈదేవి. మనుషులతో మాట్లాడకుండా ఉండలేని నేను గోడతో కాపురం చేశాను.

ఏ రోజుల్లో పడిపోతున్నానో ముందు కనిపెట్టింది మా అత్తే. కానీ ఆమె దాన్ని ఇంకోలా చదివింది. వేటకు పోయే ఇళ్ళలో లెక్కలు వేరు. సముద్రం బాగుంటే మగవాళ్ళు ఇంట్లో ఉండరు, బాగలేకపోతే ఇంట్లోనే ఉంటారు. ఒకరోజు నేను పడుకునున్నప్పుడు ఆమె కొడుకుతో అంటుంటే విన్నాను.

"బోటు నీళ్ళలో ఉంటే దీనికి ఒళ్ళు రాయిలాగుంటది. బోటు ఒడ్డుకొస్తే కళ్ళు తిరగతాయి. అర్థం కాలేదంట్రా నీకు? మొగుడు ఇంట్లో ఉంటేనే దీనికి రోగం."

ఆయన గట్టిగా "గమ్మునుండుమా" అన్నాడు. కానీ ఆ మాట ఆయన లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు పోయాక నా పక్కన కూర్చుని అడిగాడు.

"నిజం చెప్పుమే. నేనంటే పడదా నీకు?"

"అదేం మాట మావా? నాకు ఇల్లు తిరగతుండాది."

"నేనింట్లో ఉంటేనే ఎందుకు తిరగతుండాది మరి?"

ఆయన చెప్పింది నిజమే. ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లోనే వచ్చేది.

ఇక్కడ ఒక వస్తువు గురించి చెప్పాలి. ఆయనకు ఫోన్‌లో ఏదో ఒకటి తెప్పించుకోవడం సరదా. కొండలెక్కే వాళ్ళు నడుముకు తగిలించుకునే చిన్న మీటరొకటి, చౌకగా వస్తోందని తెప్పించాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దిక్కులు, ఎండ వేడి, ఎంత ఎత్తులో ఉన్నామో, వాన వస్తుందో రాదో అన్నీ చూపిస్తుందట. బోటు మీదికి పనికొస్తుందనుకున్నాడు. బోటులో జీపీఎస్ ఉంది, చేతిలో ఫోనుంది, దీన్నెవరూ పట్టించుకోలేదు. పైగా ఒడ్డున నిలబడి ఎత్తు సున్నాకు పెట్టుకుంటే, నాలుగు రోజులు పోయాక అదే ఒడ్డున నలభై మీటర్లు చూపించింది. ఇక మా వాళ్ళు ఊరుకుంటారా?

"ఏరా రమణా, కొండెక్కినావా? ఆడ్నించి మా బోటు కనబడతుండాదా?"

"కిందికి దిగేటప్పుడు జాగ్రత్తన్నా, కాలు జారతాది!"

ఆయన సిగ్గుపడి తెచ్చి నా మంచం పక్కన మేకుకు తగిలించేశాడు. నాకు మాత్రం అది నచ్చింది. ఫోన్‌లా కదలదు. బూడిద రంగు తెర మీద నల్ల అంకెలు, అంతే. తల కాస్త తేరుకున్నప్పుడు నేను చూడగలిగే వస్తువు అదొక్కటే. "ఈరోజు ఎంతెత్తులో ఉండావబ్బయా?" అని దాన్ని అడిగేదాన్ని. ఇంట్లో నన్ను కసరకుండా సమాధానం చెప్పేది అదే.

చివరికి మా అత్త "బాగయిందాకా మీ అన్న దగ్గరుండిపోమ్మా" అంది. మంచిగానే అంది. కానీ బాగయ్యేదాకా అని పంపించిన ఆడవాళ్ళను మళ్ళీ పిలవరని మా వైపు అందరికీ తెలుసు. మా అమ్మా నాన్నా లేరు. కొడవలూరులో మా శీనన్న, లక్ష్మి వదిన ఉన్నారు. మా ఆయన బండి మీద దింపాడు. నా సంచిలో మీటరు చూసి "అదెందుకు?" అన్నాడు. "ఈడ దాన్నెవరు చూస్తారు, నేను తీసకపోతుండా" అన్నాను. నన్ను దింపి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

శీనన్న చెడ్డవాడు కాదు, వదినా చెడ్డది కాదు. వరి కోతలు నడుస్తున్నాయి. వదిన అన్నం వండి మూతపెట్టి పొద్దున్నే పొలానికి వెళ్ళిపోయేది. పగలంతా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. పైన రేకుల కప్పు మీద పిచుకలు నడిచే చప్పుడు వినబడేది. మా ఆయన రోజూ ఫోన్ చేస్తాడనుకున్నాను. చేసేవాడు కాదు. నేను చేస్తే "తిన్నావా" అని పెట్టేసేవాడు.

అక్కడ రోజూ మీటరును చూస్తుంటే తెలిసింది, ఎత్తు అంకె పొద్దునా సాయంత్రం కొంచెం పైకీ కిందికీ ఆడుతుంది. అది మామూలే. ఒకరోజు మాత్రం పొద్దున్నించీ ఎక్కుతూనే ఉంది. మంచం మీద పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉన్నాను, అది నన్ను కొండ మీదికి మోసుకుపోతోంది. దాని తెర మీద మబ్బు బొమ్మ పడింది. మధ్యాహ్నానికి రేకుల కప్పు తిరగడం మొదలైంది.

కళ్ళు మూసుకుని, తడుముకుని ఆయనకు ఫోన్ చేశాను.

"మావా, ఈరోజు వేట ఉండాదా?"

"లేదు. గాలి లేస్తుండాది. బోట్లు పైకి లాగేసినాం. ఎందుకు?"

"నాకు ఇల్లు తిరగతుండాది."

నాకు ఏడుపొచ్చింది.

"నువ్వీడ లేవు కదా మావా. నువ్వాడ, నేనీడ. మరి ఎందుకొచ్చింది నాకు? నువ్వు కాదు మావా. ఆ గాలే. నువ్వూ నా రోగం ఒకే రోజు ఇంటికొస్తుండారు, అంతే."

అవతల గాలి హోరులోంచి "రేపొస్తా" అన్నాడు.

నెల్లూరులో చెవి, తల తిరగడం చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను మామూలుగానే "కళ్ళు తిరగతుండాయి మేడమ్" అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టేశారు.

"కళ్ళు తిరగడం అంటే ఏం జరుగుతుందో చెప్పమ్మా. చీకట్లు కమ్మి పడిపోతావా? ఊగినట్టుంటుందా? ఇల్లు తిరుగుతుందా?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. "ఇల్లే తిరుగుద్ది మేడమ్. ఎడమ నుంచి కుడికి" అన్నాను. వెలుతురు పడదా, చప్పుడు పడదా, ఎంతసేపుంటుంది, అన్నీ అడిగారు. వినికిడి టెస్ట్ చేశారు. మంచం మీద ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టి కళ్ళు చూశారు.

"మీ అమ్మకు తలనొప్పి ఉండేదా?"

ఉండేది. తలకు గుడ్డ బిగించి కట్టుకుని చీకటి గదిలో పడుకునేది. మేము దగ్గరికెళితే చేత్తోనే పొమ్మనేది. అప్పుడు మా అమ్మకు ఇల్లు కూడా తిరిగేదేమో. అడగడానికి ఇప్పుడామె లేదు.

"వెస్టిబ్యులర్ మైగ్రేన్ లాగుంది, అంటే తల తిప్పే మైగ్రేన్. తలనొప్పి లేకుండా కూడా వస్తుంది. స్కాన్‌లో కనబడదు" అన్నారు. నేను సంచిలోంచి మీటరు తీసి సంగతంతా చెప్పాను. మా ఆయన తల దించుకున్నాడు, ఎగతాళి చేస్తారని. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు.

"ఇది చెడిపోలేదయ్యా. గాలి ప్రెషర్ చూసి ఎత్తు చెబుతుంది. కొండెక్కితే ప్రెషర్ తగ్గుతుంది. వాతావరణం పాడైనా తగ్గుతుంది. రెండింటికీ తేడా దీనికి తెలియదు, నువ్వు కొండెక్కావనుకుంటుంది. కొంతమంది మైగ్రేన్ పేషెంట్లకు ఆ మార్పు పడదు. కానీ నీకు అదొక్కటే కారణమని ఇప్పుడే అనుకోవద్దమ్మా. నిద్ర, ఆకలి, ఎండ, ఇవి కూడా ఉంటాయి. ఈసారి వచ్చినప్పుడు ఎవరైనా కళ్ళు వీడియో తీసి తెండి."

రోజువారీ మాత్ర, తల నిలకడకు ఎక్సర్‌సైజులు రాశారు. మాత్రకు మొదట్లో ఒకటే మత్తు. ఎక్సర్‌సైజులు చేస్తే ఇంకా ఎక్కువ తిరిగినట్టుండేది, ఏడ్చుకుంటూ చేశాను. ఒకరోజు మీటరులో అంకె కదలకుండా, ఎండ బొమ్మతో చక్కగా ఉంది. ఆ ధైర్యంతో పొద్దున ఏమీ తినకుండా వదినతో వడ్లు నూర్చే కళ్ళం దగ్గరికి వెళ్ళాను. అక్కడే పడ్డాను. మేడమ్‌కి చెబితే "మీటరు నీ ఆకలి చూడదు కదమ్మా" అన్నారు. ఇంకొన్నాళ్ళు దానికి భయపడి, అంకె కాస్త కదిలినా మంచం ఎక్కేదాన్ని. "రోజుకు ఒక్కసారే చూడు, పొద్దున. తర్వాత లోపల పెట్టెయ్" అని గట్టిగా చెప్పారు.

ఇదంతా అయినా నేనింకా కొడవలూరులోనే ఉన్నాను. ఆయన నమ్మాడు, కానీ సగమే. మిగతా సగం అనుమానం మనిషి కళ్ళలోనే కనబడేది. అయితే ఒక పని మాత్రం చేశాడు. బోట్లు పైకి లాగిన రోజు బండేసుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. "మీటరులో ఎంతుండాది?" అనేవాడు, గుమ్మంలోనే. అలా వచ్చిన ఒకరోజు నాకు తిరిగింది. గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన ఫోన్ తీశాడు.

"కళ్ళు తెరుమే. ఒక్క నిమిషం."

తెరిస్తే ప్రపంచమంతా పరిగెత్తింది. అయినా తెరిచాను. ఆయన ఫోన్ పట్టుకుని దగ్గరికి వంగాడు. ఉన్నట్టుండి ఫోన్ దించేసి నా మొహం రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అమ్మే... నిజంగానే తిరగతుండాయి. నల్లగుడ్లు అట్ట కొట్టుకుంటుండాయే!"

ఇన్నాళ్ళూ నేను చెబుతున్నది అదే. కళ్ళు తిరుగుతున్నాయి. ఆయన ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో. నా కళ్ళలోకి చూడటం మాత్రం అదే మొదటిసారి.

ఆ వీడియో మేడమ్‌కి చూపిస్తే "నిస్టాగ్మస్, అంటే కనుగుడ్లు కొట్టుకోవడం, స్పష్టంగా ఉంది" అని మందు కొంచెం మార్చారు. మా అత్తకు చూపిస్తే ఒకసారి చూసి ఫోన్ తిరిగిచ్చేసింది. "అయ్యయ్యో, ఆపురా, చూస్తుంటే నాకే తిరగతుండాది" అంది. ఆ వారమే ఆయన వచ్చి నా సంచి బండికి కట్టాడు. కట్టేటప్పుడు వదినతో "మా ఇంటికి తీసకపోతుండా అక్కా" అని రెండుసార్లు అన్నాడు.

ఇప్పుడు మా పల్లెలోనే ఉన్నాను. జబ్బు పూర్తిగా పోలేదు. నెలల తరబడి బాగుంటాను, మధ్యలో ఒకసారి పడతాను. వేళకు తింటాను, వేళకు పడుకుంటాను. పిల్లల కోసం అనుకునేటప్పుడు ముందే చెప్పమన్నారు, మాత్రలు మార్చాలట. సుజాతక్క ఇప్పటికీ పెద్దగా రాదు. బయటికి బాగానే కనబడే మనిషికి జబ్బేమిటని ఆమె అనుమానం. ఆయన వేటకు పోతే రెండు మూడు రోజులు ఇంట్లో నేనూ అత్తా ఉంటాం, ఆమె టీవీ దగ్గర, నేను చీకటి గదిలో. ఈ జబ్బులో ఆ ఒంటరితనం కొంత ఉండిపోతుంది. దానికి మందు రాయలేదెవరూ.

ఇలాంటి బాధ ఉన్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. డాక్టరు దగ్గర కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి ఊరుకోకండి. ఏది ఎటు తిరుగుతుందో చెప్పండి. అది వచ్చినప్పుడు పక్కనున్న వాళ్ళ చేతికి ఫోనిచ్చి మీ కళ్ళు వీడియో తీయమనండి. పక్కన ఎవరూ లేకపోతే మీరే తీసుకోండి. మొన్న నేను అలాగే తీసుకున్నాను. సగం గోడే పడింది, ఒక కన్నే వచ్చింది. మేడమ్ చూసి, ఇది చాలమ్మా అన్నారు.