దువ్వెన వెనక బొమ్మ

మొన్న పొద్దున కోరుట్ల బస్టాండులో ఉండగా సిరిసిల్ల నుంచి మా ఫిజిక్స్ సార్ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, బాపు పోయిండే." ఎక్కాల్సిన బస్సు వదిలేసి సిరిసిల్ల బస్సెక్కాను.

సార్ జగిత్యాలలో మాకు ఇంటర్ చెప్పారు. నేతింటి మనిషి. చిన్నప్పుడు మగ్గం మీంచి ఎగిరొచ్చిన నాడె, అదే అడ్డదారం మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తే కొయ్యముక్క, తగిలి ఎడమకన్ను పోయింది. అలాంటాయనకు పట్టిన పిచ్చి చూడండి: త్రీడీ సినిమా కళ్ళద్దాలు లేకుండానే ఉబ్బెత్తుగా కనబడే బొమ్మ చెయ్యాలట! అదేమో రెండు కళ్ళూ ఉంటేనే తెలుస్తుంది. కుడికంటికొకటి, ఎడమకంటికొకటి చొప్పున తీసిన రెండు ఫోటోలను సన్నటి పట్టీలుగా కోసి, ఒకటి విడిచి ఒకటి అతికించేవారు. దాని ముందు మరమగ్గంలో దారాలను విడదీసే ఇనుప దువ్వెన నిలబెట్టి, సందు విడిచి సందు నల్లదారంతో మూసేవారు. అప్పుడు ఏ కంటి పట్టీలు ఆ కంటికే కనబడాలి.

తెలంగాణ ఉద్యమం రోజులవి. కాలేజీ బందు. సార్ దీక్షా శిబిరంలో కూర్చుని కూడా పట్టీలు కోసేవారు. "మెల్లగైతది గని, అయితది రా" అనేవారు.

ఒకరోజు నన్ను బొమ్మ ముందు నిలబెట్టారు. ఫోటో ఆయన భార్యది, మా మేడంది. "నీ కండ్లే నా కండ్లు. ముక్కు బయటికొచ్చినట్టు కనబడుతుందా?" బయట ర్యాలీ కదులుతోంది. బొమ్మ మధ్యలో తప్ప అంచులన్నీ చెదిరిపోయి ఉన్నాయి. "మస్తుగ కనబడుతుంది సార్" అని ఉరికాను.

ఆ మాట నమ్మి దాన్ని సైన్సు ప్రదర్శనకు తీసుకెళ్ళారు. "ఏం కనబడ్తలేదు సార్, కండ్లు గుంజుతున్నయి" అని జనం నవ్వారు. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "దువ్వెన మారది రా. పట్టీలనే వెంట్రుకవాసి ఎక్కువ వెడల్పు చెయ్యాలె" అన్నారంతే. తర్వాత ఎన్నిసార్లు "వచ్చి చూసి పో" అని కబురంపారో! అబద్ధమాడిన కళ్ళనే మళ్ళీ పిలిచారు. అంత నమ్మకం నా మీద ఇంకెవరూ పెట్టలేదు. సిగ్గుతో నేనే పోలేదు.

అంత్యక్రియలయ్యాక మేడం ఆ ఫ్రేము తెచ్చి గోడకు ఆనించారు. "నువ్వు చూస్తెనే పనైనట్టు అన్నడు మీ సారు."

ఎదురుగా నిలబడ్డాను. వయసులో ఉన్న మేడం నవ్వు, ముక్కు, ముక్కుపుడక దువ్వెన దాటి నా వైపుకొచ్చాయి. అంచుదాకా ఎక్కడా చెదరలేదు.

"కనబడుతుంది సార్" అన్నాను. ఈసారి నిజం.

తర్వాత ఎడమకన్ను మూసుకున్నాను. ముక్కుపుడక వెనక్కి పోయి కాగితానికి అతుక్కుంది. సార్ ఇన్నేళ్ళూ చూసింది ఇదే.