ఖాళీలు వదిలే స్టోర్స్ అన్న

ఇది ఒక వీరగాథ. అంటే, అలా మొదలుపెడదామనే కూర్చున్నాను గానీ, ఇందులో ఉన్నది పటాన్‌చెరులోని మా మందుల కంపెనీ స్టోర్స్ అన్న ఇంగ్లీషులో మెయిల్ రాయడమే.

ఆయన ఇరవై ఏళ్లు గోదాంలో మందు పొడి డ్రమ్ములు మోసి, మోకాళ్లు అరిగాక కుర్చీ సంపాదించుకున్నాడు. మెయిల్లో పెద్ద పెద్ద మాటలు ధీమాగా రాసేవాడు. ఇన్, ఆన్, ఎట్, బై లాంటి చిన్న మాటల దగ్గరకు వచ్చేసరికి ఖాళీ వదిలేసేవాడు. తర్వాత ప్రింటు తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవాడు.

“తమ్మీ, జెర ఈ సందుల్ల ఏం పడ్తదో సూడు.”

“ఏదో ఒకటి పెట్టరాదే అన్నా!”

“చీటీ లేని డ్రమ్మును ర్యాక్‌ల పెడ్తమా? జాగ ఖాళీ ఉంచుతం. గిది గూడ గంతే.”

ఒకరోజు నేను సెలవులో ఉన్నాను. సరుకు ఆలస్యమవుతుందని విదేశీ కస్టమర్‌కు అర్జెంటుగా రాయాల్సి వచ్చింది. మెయిల్ తేడా కొడితే మళ్లీ లోడింగ్‌కు పంపుతానని మేనేజర్ అప్పటికే బెదిరించాడు. అన్న భయపడుతూనే, ఖాళీలను ఖాళీలుగానే ఉంచి పంపేశాడు.

మర్నాడు జవాబు వచ్చింది. కస్టమర్ ఆ ఖాళీలన్నీ ఎర్ర అక్షరాలతో ఓపిగ్గా నింపి, కొత్త తేదీకి ఒప్పుకున్నాడు.

“సూసినవా తమ్మీ, నీ పని గాయన జేసిండు,” అన్నాడు అన్న. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మోకాళ్లకు బామ్ రాసిన చేత్తో కళ్లు నలుపుకుంటే ఎవరికైనా తిరుగుతాయి.

కుర్చీ ఆయనకే ఉండిపోయింది. ఆలస్యమైన ఆ డ్రమ్ములు గురువారం వెళ్లాయి. ఒక్కోటి ఇరవై అయిదు కిలోలు.