మేళం మామ నేర్చుకున్న ఊపిరి

మా పక్కింటి మేళం మామ పోయిన మంగళవారం చనిపోయాడు. పొద్దున పదకొండు గంటలప్పుడు వసారాలో కూర్చుని, అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి గుండె పట్టుకున్నాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పారు. అప్పుడు నేను పని మీద శ్రీకాళహస్తిలో ఉన్నాను. అత్త ఫోన్ చేసి "మీ మామ పోయినాడప్పా" అని ఒక్క మాట చెప్పింది. ఫోన్ పక్కన పెట్టేసింది గానీ కట్ చేయలేదు. ఆ ఇంట్లోకి జనం వస్తున్న చప్పుడు కొంతసేపు వింటూ నిలబడిపోయాను.

తిరుచానూరులో మా వీధిలో అప్పుడే ఒక మాట నడుస్తోంది. నిద్రలో ముక్కుకు గాలి మిషన్ పెట్టుకునేవాడు కదా, దానివల్లే పోయాడని. అది నిజం కాదు. ఆయన పోయింది పట్టపగలు, మెలకువగా ఉన్నప్పుడు. మిషన్ లోపల మంచం పక్కన ఆపి ఉంది. ముప్పై ఏళ్లుగా వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి, ముందు ఈ ఒక్కటి సరిచేసి తర్వాత ఆయన గురించి చెబుతాను.

మామ నాదస్వరం ఊదేవాడు. యాభై ఏళ్లపాటు మా జిల్లా పెళ్లిళ్లలో ఊదాడు. పక్కన డోలు ఆయన బావమరిది. మాకూ వాళ్లకూ బంధుత్వం లేదు, ఉన్నది ఒక ఉమ్మడి గోడ. మామ బస్సెక్కితే నాదస్వరాన్ని ఒడిలోనే పెట్టుకునేవాడు, పైన అరలో పెట్టనిచ్చేవాడు కాదు. పెళ్లిలో కుర్రకారు సినిమా పాట అడిగితే బావమరిది మొహం ముడుచుకునేవాడు. మామ ఊదేవాడు. "వాళ్ల పెండ్లి, వాళ్ల పాట. మనకేం పొయ్యేది?" అనేవాడు.

ఆయన గురక కూడా ఆ గోడ దాటి వచ్చేది. అది సాగి సాగి ఒక్కసారిగా ఆగిపోయేది. కాసేపటికి నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు పెద్ద ఊపిరితో మళ్లీ మొదలయ్యేది. "గురక పెడతా ఉంటే నాకు నిద్ర పడతాది. ఆగితేనే లేచి కూసుంటా" అని అత్త అనేది. పగలు ఆయన కూర్చున్నచోటే కునికేవాడు. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కునికేవాడు. వయసు అనుకున్నాం. అందరం అదే అనుకున్నాం.

ఐదేళ్ల కిందట ఐరాలలో ఒక రైతు ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లి. నేనూ పోయాను. తాళి కట్టే క్షణంలో గట్టిమేళం ఎందుకో అందరికీ తెలిసిందే. ఆ సమయంలో ఎవరైనా తుమ్మినా, అపశకునం మాట ఏదైనా అన్నా పెళ్లివాళ్ల చెవిన పడకూడదు. పురోహితుడు చెయ్యి ఎత్తి "గట్టిమేళం" అన్నాడు. డోలు ఒకటి మోగి, తోడు రాక ఆగిపోయింది. మామ గడ్డం రొమ్ముకు ఆని ఉంది. నాదస్వరం ఒడిలో ఉంది. బావమరిది మోకాలితో పొడిచాడు. ఈలోపల, తాళి పెళ్లికూతురి మెడ దగ్గర ఉండగా, ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో తుమ్మారు. పందిరి మొత్తానికి వినపడింది.

పెళ్లికూతురి తండ్రి పంపేటప్పుడు తాంబూలం ఇచ్చి దండం కూడా పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేదని మామ తర్వాత నాతో అన్నాడు.

ఆ తర్వాత ఆయన ముహూర్తాలు ఒప్పుకోలేదు. ఎవరు వచ్చినా శిష్యుల్ని పంపేవాడు. ఒక ఏడాది చూసి, బతిమాలి తిరుపతిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. తలకూ రొమ్ముకూ వైర్లు అంటించి ఒక రాత్రి నిద్ర పుచ్చారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని, ఆగినప్పుడల్లా ఒళ్లు మేలుకుంటోందని, రాత్రి నిద్ర లేనందువల్లే పగటి కునుకని డాక్టరు చెప్పారు. ముక్కుకు తొడుగు పెట్టి గాలి పంపే మిషన్ రాసిచ్చారు.

"ఊదేవానికి ఊపిరి ఇంకొకరు ఇయ్యాల్నా?" అన్నాడు మామ, బయటికొచ్చాక.

మిషన్ వచ్చింది. అందులో నీళ్లు పోసే చిన్న డబ్బా ఉంటుంది. అత్త మొదటిరోజు అందులో అమ్మవారి తీర్థం పోసింది. పచ్చకర్పూరం ఘాటుకు మామ తుమ్ములు తుమ్ముతూ లేచి కూర్చున్నాడు. "లోపలికి పొయ్యేది గదా, మంచిదే పోస్తామని పోసినా" అంది అత్త. అది మర్నాడే సర్దుకుంది. సర్దుకోనిది వేరే. గాలి ముక్కులో దూరగానే ఆయన పెదాలు విచ్చుకునేవి. వచ్చిన గాలంతా నోట్లోంచి బుసమంటూ బయటికి పోయేది. నోరెండిపోయి లేచేవాడు. ఊదేవాడికి పెదాలు పగిలితే ఎట్లా అని భయం. ఆరు వారాలు చూసి, మిషన్‌ను పాత పట్టుపంచెలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు.

అట్లా ఉండగా ఐరాల పెద్దమ్మాయి బిడ్డను చంకనేసుకుని మా వీధికి వచ్చింది. చెల్లెలి పెళ్లి కుదిరింది, నెల రోజుల్లో ముహూర్తం. బిడ్డను దించి తాంబూలం మామ ముందు పెట్టింది.

"మీ నాయన పంపించినాడామ్మా?" అని అడిగాడు మామ.

"మా నాయనకు మనసొప్పలేదు తాతా. నేనే వస్తి. నా పెండ్లిలో తుమ్మింది మా మేనత్త. ఆమెకు సాంబ్రాణి పొగ పడదు, మీరేం చేస్తారు? నేను బాగుండా, ఇదో, ఇది పుట్టినాది. చెల్లి పెండ్లికి గూడా మీరే ఊదల్ల."

మామ తాంబూలం వైపు చూశాడు గానీ ముట్టలేదు. "మళ్లా నిద్రపోతే?" అన్నాడు.

"పోకండి" అంది ఆ పిల్ల.

ఆమె పోయాక ఆయన స్టూలు ఎక్కి తానే మిషన్ దించుకున్నాడు. మర్నాడు నేను మిషన్లు అమర్చే అమ్మాయిని పిలిపించాను. చిత్తూరు అమ్మాయి. మామను పగలే కుర్చీలో కూర్చోబెట్టి, తొడుగు పెట్టి, మిషన్ వేసి కాసేపు గమనించింది.

"తాతా, మీరు ఊదతా ఉండారు" అంది.

"నేను యాడ ఊదతా ఉండా? ఊరికే కూసోనుండా."

"అద్దంలో సూడండి, బుగ్గలు."

చూసుకున్నాడు. బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి. తప్పు ఎక్కడుందో మాకు అప్పుడు తెలిసింది. మామ ఎనిమిదో ఏట ఒత్తు పట్టడంతో విద్య మొదలుపెట్టాడు. ఒత్తు అంటే పెద్ద నాదస్వరం పక్కన ఒకే స్వరాన్ని తెగకుండా పట్టి ఉంచే వాద్యం. అది తెగకూడదంటే ముక్కుతో గాలి లోపలికి తీసుకుంటూనే, బుగ్గల్లో దాచిన గాలిని పెదాలతో బయటికి తోయాలి. నాలుగేళ్లు అదొక్కటే చేశాడు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఆ ఊపిరితోనే ఊదాడు. ముక్కులోకి గాలి వచ్చిందంటే బుగ్గలు నింపడం, పెదాలు తెరవడం ఆయన ఒంటికి అలవాటు. మిషన్ గాలి పంపుతుంటే, ఈయన నిద్రలోనూ ఊదుతున్నాడు.

"మీరు ఊదొద్దు తాతా. అది ఊదతాది" అంది అమ్మాయి.

"అదే ఊదితే నేనేం చేయాల?"

"పండుకోండి."

చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

ఆ నెలంతా మధ్యాహ్నాలు వసారాలో తొడుగు పెట్టుకుని కూర్చున్నాడు. నాలుక పైకి ఆనించి, పెదాలు మూసి, బుగ్గలు ఖాళీగా ఉంచి, ముక్కుతోనే తీసుకుని ముక్కుతోనే వదలడం. మెలకువలో అలవాటైతే నిద్రలోనూ వస్తుందని అమ్మాయి చెప్పింది. దాన్ని ఆయన సాధకం అన్నాడు. శిష్యుడికి చెప్పినట్టే తనకు తాను వేలితో తొడ మీద తాళం వేసుకునేవాడు. బుగ్గ ఉబ్బితే తానే వేలితో నొక్కుకునేవాడు. పూలమ్మే ఆవిడ గంప దించి "ఏం మామా, యాడికో విమానం తోలేదానికి తయారైనట్టుండావే?" అంది. తొడుగు తీసి "రేణిగుంట ఏర్‌పోర్టుకు ఇంకా దావ తెలీలేదు, నేర్చుకుంటా ఉండా" అని మళ్లీ పెట్టుకున్నాడు.

మొదట్లో దాని మోత ఏ శ్రుతిలోనూ లేదని విసుక్కునేవాడు. మూడో వారంలో ఒకరోజు నాతో అన్నాడు: "ఒత్తు పట్టేదానికి ఇప్పుడు పిల్లోళ్లు యాడ వస్తా ఉండారు? అందరూ శ్రుతిపెట్టెలే. నాకు ఇన్నేండ్లకు అలుపు లేని ఒత్తుగాడు దొరికినాడు." ఆ వారమే అత్త మా ఇంటికొచ్చి, "గురక లేదు, ఊపిరి ఆగడంల్యా. నాకే నిద్ర పట్టడంల్యా" అని మా ఆవిడతో చెప్పింది.

ముహూర్తానికి ముందురోజు ఐరాల వెళ్లారు. మిషన్ సంచిని బావమరిది మోశాడు, విడిదిలో ప్లగ్గు ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని. నేను పొద్దున చేరేసరికి మామ స్నానం చేసి, పంచె కట్టి, పందిట్లో మేళం వాళ్లకు వేసిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి తొడుగు పట్టీలు ఒత్తుకున్న గీతలు రెండు బుగ్గల మీద చెవుల దాకా ఉన్నాయి. ఎవరో దెబ్బలా అని అడిగితే కాదన్నాడు.

పెళ్లికూతురి తండ్రి పీటల దగ్గర నిలబడి ఉన్నాడు. పురోహితుడి వంక చూడడంలేదు, కూతురి వంక చూడడంలేదు, మామనే చూస్తున్నాడు. పెద్దమ్మాయి తండ్రిని చూస్తోంది. పురోహితుడు చెయ్యి ఎత్తకముందే నాదస్వరం మామ పెదాలకు చేరింది. చెయ్యి లేచింది. డోలూ నాదస్వరమూ ఒక్కసారే అందుకున్నాయి. నా పక్కనున్న మనిషి చెవిలో ఏదో చెప్పబోయాడు, పెదాలు కదలడం తప్ప నాకేమీ తెలియలేదు. తాళి పడింది. ఆ సమయంలో ఎవరైనా తుమ్మారేమో నేను చెప్పలేను.

అక్షింతలు నాలుగు దిక్కుల నుంచి పడ్డాయి. విసురు తెలియని చేతులు విసిరినవి కొన్ని మేళం వైపు వచ్చాయి. పసుపు బియ్యపు గింజ ఒకటి మామ బుగ్గ మీద, పట్టీ ఒత్తిన గీతలో ఇరుక్కుంది. రెండు చేతులూ నాదస్వరం మీద ఉన్నాయి, తుడుచుకోలేడు. పెళ్లికొడుకు మూడో ముడి వేసేదాకా ఊదుతూనే ఉన్నాడు. బుగ్గ నిండినప్పుడల్లా ఆ గింజ పైకి లేచింది, ఊపిరి తీసుకున్నప్పుడల్లా కిందికి దిగింది.