మాస్టారు వెనక్కి పంపిన క్యాసెట్

మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు వేశారు. చీకటిని జయించిన మహానుభావుడట. నాకు ఒళ్ళు మండింది. చూపు లేకపోవడం ఆయనకి చీకటని ఎవరు చెప్పారు? ఆయన జయించాల్సి వచ్చింది చీకటిని కాదు. చూపు లేని పిల్లల్ని కాలేజీలో చేర్చుకుని, పుస్తకం మాత్రం ఇవ్వని వాళ్ళని. ఆ ముక్క ఏ పేపరూ రాయదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆయన సోషల్ టీచరుగా రిటైరయ్యారు. గుంటూరు బ్రాడీపేటలో తన ఇంటి వెనక గదిలో, డిగ్రీ చదివే చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివించి రికార్డు చేయించేవారు. ఇరవయ్యేళ్ళ కిందట, క్యాసెట్ల రోజుల్లో, గొంతు బాగుంటుందని ఎవరో చెబితే నేనూ వెళ్ళాను. అప్పటికి మీటింగుల్లో మాట్లాడటం, పత్రికలకి వ్యాసాలు రాయడం నా పని. ఒక పేజీ చదివించుకుని విన్నారు.

"ఏమయ్యా, ఎవర్ని తిడుతున్నావు?"

"ఎవర్నీ లేదు మాస్టారూ. పాఠమే చదివాను."

"పాఠం చదివితే ఇలా ఉండదు. మైకు ముందు జనం లేరు. ఒక్క పిల్ల ఉంది. ఆ పిల్లకి చెప్పు."

అలా మొదలైంది నా చదువు. మధ్యలో ఆగాలంటే స్టాప్ కాదు, పాజ్ నొక్కాలి. స్టాప్ నొక్కితే టేపులో టక్కుమంటుంది, వినేవాళ్ళు ఉలిక్కిపడతారు. పేజీ నంబరు ముందు చెప్పాలి, లేకపోతే వాళ్ళు వెతుక్కోలేరు. కిటికీలకి బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, ఆ ఉక్కలో చొక్కా విప్పేసి చదివేవాణ్ణి. కరెంటు పోతే మాస్టారికి పండగ. వీధిలో రేడియోలూ మిక్సీలూ ఆగిపోయేవి, మేం బ్యాటరీల మీద రికార్డు చేసేవాళ్ళం. పరీక్షల కాలమూ మిరపకాయల కాలమూ ఒకటే మా ఊళ్ళో. గాలి తిరిగితే ఆ ఘాటుకి పేజీకి నాలుగు దగ్గులు. దగ్గు వచ్చిన వాక్యం మొదటికి టేపు తిప్పి, దాని మీదే మళ్ళీ చదివించేవారు. "దగ్గు తీసెయ్. ఊపిరి మాత్రం ఉంచు. ఊపిరి వినపడకపోతే చదివేది మనిషని ఎలా తెలుస్తుంది?" అనేవారు.

ఆ ఊపిరే నన్ను పట్టించింది.

ఒంగోలు అవతల కొత్తపట్నం దగ్గర చేపలు పట్టే వాళ్ళమ్మాయి ఒకతె గుంటూరు హాస్టల్లో ఉండి బీఏ చదివేది. పరీక్షల ముందు సెలవులకి ఇంటికెళ్ళింది. పరీక్ష ఇంకా ఐదు రోజులు. ఒక పాఠం మిగిలిపోయింది, ఆ క్యాసెట్ ఒంగోలు బస్సులో పంపాలి. ఆ పాఠం నూటపన్నెండో పేజీలో ఒక పేరా ఉంది. సముద్రం పక్కన బతికే కులాలకి చదువు మీద సహజంగానే ఆసక్తి తక్కువని రాశాడొక పండితుడు. సహజంగానే! చదవబోయి గాలి పీల్చుకున్నాను. గొంతు రాలేదు. పాజ్ నొక్కి, ఆ పేరా వదిలేసి, కింది పేరాతో కొనసాగించాను. మంచిపనే చేశాననుకున్నాను.

బయటికి పోయే ప్రతి క్యాసెట్టూ మాస్టారు మొదటినుంచీ చివరిదాకా వింటారు. విన్నారు. ఒకచోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నారు.

"ఇక్కడ ఊపిరి తీశావు, మాట రాలేదు. ఏం మింగావు?"

చెప్పాను.

"ఈ క్యాసెట్ బస్సెక్కదు. మళ్ళీ చదువు."

"అది అబద్ధం మాస్టారూ. ఆ పిల్లకి నా నోటితో వినిపించమంటారా?"

"అబద్ధమని నీకెలా తెలిసింది?"

"చదివాను గదా."

"మరి ఆ పిల్లకెలా తెలియాలి?"

ఇంకో పావుగంట వాదించాను. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే ఏంటని ఆయన అడగలేదు. "కళ్ళున్నవాడు ఆ పేజీ చదివి పుస్తకం విసిరికొడతాడు. నువ్వు మా పిల్లకి విసిరికొట్టే వీలు కూడా లేకుండా చేశావు" అన్నారు, గొంతు పెంచకుండా. ప్రభుత్వాలు పుస్తకాల మీద కత్తెర వేసినప్పుడల్లా వీధికెక్కిన వాణ్ణి నేను. నా చేతిలోనూ ఒక కత్తెర ఉందని, అది దయ పేరుతో ఆడుతుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

పాఠం మొత్తం మళ్ళీ చదివాను. ఆ పేరా కూడా, వెటకారం లేకుండా, కోపం లేకుండా, మిగతా పేరాల్లాగే. సాయంత్రం బస్సుకి క్యాసెట్ వెళ్ళింది.

తర్వాత కంప్యూటరొచ్చింది. గొంతు తెరమీద అలల్లాగా కనపడేది. మౌస్‌తో గీసి ఒక్క మీట నొక్కితే వాక్యం వాక్యమే పోతుంది, అతుకు కూడా తెలియదు. కొత్తగా వచ్చినవాళ్ళకి అది నేర్పే ముందు మాస్టారు ఒకటే చెప్పేవారు: "తేలిగ్గా కోయొచ్చు కాబట్టి, నిదానంగా కోయండి."

పెద్దకర్మ నాడు ఆ అమ్మాయి వచ్చింది. ఇప్పుడు ఒంగోల్లో జూనియర్ లెక్చరరు. వెనక గదిలోకి నడిచి, సంచిలోంచి క్యాసెట్ తీసి, పాత టేప్ రికార్డర్లో పెట్టింది.

"మీరు పంపిందే సార్. చివర్లో కాస్త ఖాళీ ఉంటే నేను మాట్లాడుకున్నాను. మాస్టారికి అప్పుడే వినిపించాను."

"నాకు చెప్పలేదే ఆయన?"

"చెప్పొద్దన్నారు. చెబితే వ్యాసం రాసేస్తాడన్నారు."

ముందు నా గొంతు వచ్చింది. నూటపన్నెండో పేజీ, ఆ పేరా, తర్వాత పాఠం చివరిదాకా. ఆపైన టక్కుమని చప్పుడు. ఆ వెంటనే పంతొమ్మిదేళ్ళ పిల్ల గొంతు, వణుకుతూ, ఆగకుండా.

"ఇది రాసినాయన మా ఊరు ఎప్పుడైనా వచ్చాడా? మా వాడలో బడి లేదండి. మూడు మైళ్ళు ఇసకలో నడిపించి మా అమ్మ నన్ను వదిలొచ్చేది. ఆసక్తి తక్కువంటాడేంటి? ఎవర్నడిగాడు? మా అమ్మనడిగాడా?"

ఇంకా చాలా అడిగింది. నేను రాసిన ఏ వ్యాసంలోనూ అంత సూటి ప్రశ్నలు లేవు. అడగడం అయిపోయాక మీట నొక్కడం మర్చిపోయినట్టుంది. టేపు తిరుగుతూనే ఉంది. ఆమె ఊపిరి, దాని వెనకాల కొత్తపట్నం సముద్రం, టేపు అయిపోయేదాకా.