నూట అయిదు, నూరు

కోపం వస్తే నా నోటికి తాళం ఉండదు. మెదక్‌లో నా దగ్గర ఇంటి ప్లాన్ గీయించుకున్న ప్రతి మనిషికీ ఈ సంగతి తెలుసు. ఆ నోరు ఎంత పని చేస్తుందో నాకు మాత్రం అన్న పోయాక గానీ తెలియలేదు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, పని నేర్పినవాడు. ఇరవై ఏళ్ల కిందట ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని చౌరస్తా దగ్గర మేడమీద గదిలో ఆయన ముందు నిలబడ్డాను. అప్పటికే ఊళ్లో వీధికి రెండు ఇళ్లు ఆయన గీసినవే ఉండేవి. ట్రేసింగ్ కాగితం మీద చెయ్యి వణకకుండా గీత లాగడం, మెట్టు ఎంత ఎత్తు ఉంటే ముసలివాళ్ల మోకాళ్లు నొప్పెట్టవో లెక్క చూడటం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొదటి వారంలోనే ఒక గోడ కొలతలో తేడా వచ్చిందని మేస్త్రీ మీద ఎగిరాను. అన్న నన్ను పక్కకు పిలిచి నా చేతిలోని టేపు చూపించాడు. దాని కొస విరిగి అర అంగుళం పోయింది.

"గోడను తప్పువట్టే ముంగట టేపు జూసుకోవాలె తమ్మీ" అన్నాడు.

ఆ మాట తర్వాత నేను చాలామందికి చెప్పాను. చెప్పడానికి ఏం పోయింది!

కంప్యూటర్లు వచ్చాక ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. కొన్నేళ్లకు అన్నకు షుగర్ ముదిరి మోకాళ్లు పట్టేశాయి. మేడ మెట్లెక్కడం కష్టమై ఆఫీసు నాకు అప్పగించి నర్సాపూర్‌లోని సొంతింటికి వెళ్లిపోయాడు. అక్కడ ఊరికే కూర్చోలేడు. హైదరాబాదులో ఆఫీసు మూసేసుకున్న ఒక ఆర్కిటెక్టు తన పాత మ్యాక్ కంప్యూటర్ ఆయనకు ఇచ్చేశాడు. మా ఆఫీసులో ఉన్నది విండోస్. రెండింట్లో ఉన్నది ఒకే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కాబట్టి ఆయన అక్కడ గీసింది నేను ఇక్కడ తెరుచుకోవచ్చు. త్రీడీ బొమ్మలతో ఆ ఫైళ్లు మెయిల్లో ఎక్కేవి కావు. అందుకని పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టి మెదక్ బస్సు కండక్టర్ చేతికిచ్చేవాడు. నేను బస్టాండులో తీసుకునేవాణ్ని.

మా పాత పద్ధతి ఒకటుంది. షీట్లు చుట్టి పంపేటప్పుడు పైన ఎన్ని షీట్లో పెన్సిల్‌తో రాసేవాళ్లం. అందుకున్నవాడు లెక్క చూసుకుని సరే అనేవాడు. అన్న ఆ అలవాటు మానలేదు. షీట్ల బదులు కవర్ మీద ఫైల్ ఎన్ని ఎంబీలో రాసేవాడు. కళ్లు మసకబారుతున్నా ఆ అంకె మాత్రం గుండ్రంగా, అందంగా ఉండేది.

నేను లెక్క చూసుకునేవాణ్ని. ఆయన ఇరవై ఒకటి అని రాస్తే నా తెర మీద ఇరవై. నలభై రెండు అని రాస్తే నలభై. మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత నా చూపంతా ఆ తేడా మీదే ఉండేది. ఫైల్ పెద్దదయ్యేకొద్దీ తేడా కూడా పెరుగుతోంది. ప్లాన్ తెరిస్తే గోడలన్నీ ఉన్నాయి, తలుపులన్నీ ఉన్నాయి. మరి తగ్గింది ఏమిటి? పెన్‌డ్రైవ్ మార్చి చూశాను. అదే తేడా.

అనుమానం పెనుభూతం అంటారు. ఊరికే అనలేదు. ఆ రోజుల్లోనే ఒక సిమెంటు దుకాణాయన, అన్న తూప్రాన్‌లో ఇంకో ఆఫీసుకు కూడా గీస్తున్నాడట కదా అన్నాడు. నిజమో కాదో నేను అడగలేదు. తన చేత్తో తయారు చేసుకున్న మెట్లు, కిటికీల నమూనాలు నాకు దక్కకుండా తీసేసి పంపుతున్నాడని నాలో నేనే అల్లేసుకున్నాను. అవి లేకపోతే ఆయన లేకుండా నేను పని చేసుకోలేను కదా, అందుకని అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఉన్న విద్యంతా నా చేతిలో పెట్టినవాడి గురించి నేననుకున్న మాట ఇది.

అప్పుడొక రెండంతస్తుల ఇంటి ఫైల్ వచ్చింది. కవర్ మీద నూట అయిదు. నా తెర మీద నూరు. అందులో మెట్ల షీటు లేదు. రెండు రోజులకు మేస్త్రీ ఆఫీసుకు వచ్చి, మెట్ల దగ్గర పని ఆగిపోయిందని నలుగురిలో నన్ను నిలదీశాడు. ఆ నలుగురి ముందే నేను అన్నకు ఫోన్ చేశాను. స్పీకర్ కూడా ఆపలేదు.

"నూట అయిదు రాస్తవు, నాకు నూరే ముడుతుంది. మిగిలినయి ఎవరికిస్తున్నవే అన్నా?" అన్నాను.

అన్న మెల్లగా అన్నాడు. "దాసుకునేటోణ్ణైతే నీకు పని నేర్పుతుంటినా తమ్మీ? కండ్లు సరిగ కనవడ్తలేవు. యాడనో మర్సిన. మల్ల జూస్త."

నేను ఫోన్ పెట్టేశాను. మెట్ల షీటు నేనే గీసుకున్నాను. ఆ తర్వాత నర్సాపూర్ నుంచి కవర్ రాలేదు. నేనూ అడగలేదు. నాలుగు నెలలు గడిచాయి. ఆయనను దవాఖానాకు తీసుకుపోయారని విని, వచ్చే ఆదివారం పోదాంలే అనుకున్నాను. ఆ ఆదివారం ఆయన అంత్యక్రియలకు పోయాను.

కొన్నాళ్లకు వదిన, అంటే అన్న భార్య, ఫోన్ చేసింది. కంప్యూటర్ ఇంట్లో ఊరికే ఉంది, లోపల మీ అన్న గీసినవేమైనా నీకు పనికొస్తే తీసుకో అంది. నా లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చోవడానికి మనసు రాక స్టూలు వేసుకున్నాను.

ఆ రెండంతస్తుల ఇంటి పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. అందులో పదకొండు ఫైళ్లు. మెట్లు ఒకటి, మెట్లు రెండు, అలా పదకొండు దాకా. అన్నీ నేను ఫోన్ చేసిన తర్వాతి తేదీలే. ప్రతి దాంట్లో మెట్ల షీటు ఉంది. అక్షరాలు మాత్రం ఒక్కో ఫైల్‌కూ ఇంకా పెద్దవి చేస్తూ పోయాడు. పదకొండో దాంట్లో ఒక్కో అంకె మెట్టంత ఉంది.

మొదట నాకు పంపిన పాత ఫైల్ కూడా అక్కడే ఉంది. మెట్ల షీటు అందులోనూ లేదు, ఆయన చెప్పినట్టు మరిచిపోయిందే. మ్యాక్ తెర మీద దాని వివరాలు తెరిచాను. నూట అయిదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నా లాప్‌టాప్‌కు పెట్టాను. నూరు. అన్న నిజంగానే నూట అయిదు పంపాడు. అప్పుడు మొదటిసారి ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న పొడుగాటి సంఖ్య చదివాను. బైట్లు. పది కోట్ల నలభై తొమ్మిది లక్షల పైచిలుకు. ఇక్కడా అదే, అక్కడా అదే, చివరి అంకె దాకా. ఫోన్లో వెతికితే రెండు ముక్కల్లో తేలిపోయింది. మ్యాక్ వెయ్యి బైట్లకు ఒక కేబీ, వెయ్యి కేబీలకు ఒక ఎంబీ అని లెక్కేస్తుంది. విండోస్ రెండు చోట్లా వెయ్యీ ఇరవై నాలుగుకు ఒకటని లెక్కేస్తుంది. ఫైల్‌లో ఏదీ తగ్గలేదు, ఏ రోజూ తగ్గలేదు. రెండు టేపులు వేరు, గోడ ఒకటే. నాకు ఏడుపు ఆగలేదు.

వదిన చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. నా ముఖం చూసి, తెర చూసింది.

"నువ్వు ఫోన్ జేసిన కాడికెల్లి మీ అన్న గీడనే కూసునేటోడు" అంది. "ఐదు తక్కువైతుందంట, యాడ వోతుందో దొరుకుతలేదు అనేటోడు. నా చెయ్యి వట్టుకొని బస్టాండ్ కాడ నెట్ సెంటర్‌కు వొయ్యేటోడు. ఆడ జూస్తే నూరే సూపెట్టేదంట. తప్పు నాదే, తమ్మునికి ఏం మొకం వెట్టుకొని పంపాలె అనేటోడు. నీకన్న దొరికినయా తమ్మీ?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఏదీ పోలేదని, రెండు కంప్యూటర్ల లెక్క వేరని, నెట్ సెంటర్‌లోదీ నా దాని లెక్కేనని, తప్పు నాదని చెప్పాను. ఇది తెలుసుకోవడానికి ఎంతసేపు పట్టిందని అడిగింది. ఒక్క నిమిషం అన్నాను.

ఆమె చల్లారిన చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"గా నిమిషం అప్పుడే జూసి చెప్తే" అంది, "జర బువ్వన్న తినేటోడు."