గురప్ప గడప మీది వైరు

జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో పీర్ సాహెబ్ ఏ పార్టీ మనిషీ కాదు. సైకిల్ షాపు పెట్టుకుని రెండు పార్టీల వాళ్లకూ పంక్చర్లు వేసేవాడు. మా ఊళ్లో అట్లా బతకడమే పెద్ద విద్య.

ఆ ఏడు ఎలక్షన్ల ముందు మా వీధిలో బాంబులు పడ్డాయి. అతని భార్య మాబున్నికి నిద్ర కరువైంది. వాళ్లది రేకు తలుపు, గట్టిగా తంతే ఊడొస్తుంది. వేప పలకలతో గట్టి తలుపు తానే చేస్తానని పీర్ సాహెబ్ ఆమెకు మాటిచ్చాడు. ఇంటి పనికి ఇంకొకరిని పిలిచే రకం కాదు. అప్పుడే కువైట్ నుంచి బావమరిది జియావుల్లా ఫోన్ చేశాడు, సెలవులో వస్తూ చెక్క కోసే మిషను తెస్తానని.

"బ్యాటరీదా, కరెంటుదా బావా?"

"బ్యాటరీది రెండు పలకలు కోసేలోపల సచ్చిపోతాదంట. ఎండిన వేప శానా మొండిదిరా. కరెంటుదే తీసకరా."

లెక్క తప్పేం కాదు. నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి.

మిషను వచ్చింది గానీ, అతని ఇంట్లో ఉన్నది ఒక్క బల్బు కనెక్షను. ప్లగ్గు పెట్టగానే ఫ్యూజు పోయింది. ఎదురింటి గురప్ప ఒక పార్టీకి బూత్ ఏజెంటు. పగలు కూడా తలుపుకు గడె వేసుకుని బతికే మనిషి. అతనే పిలిచాడు.

"మా ఇంట్లోంచి లాక్కో పీరన్నా. మోటారుకేసిన లైనుండాది."

"వైరు అడ్డమొస్తాది గదప్పా, తలుపు మూసేదానికి కాదే."

"పట్టపగలు ఎవుడొస్తాడు? ఎదురుగా నువ్వుండావు గదా."

గురప్ప గడప మీదుగా వైరు వీధి దాటింది. పీర్ సాహెబ్ తన వాకిట్లో పని మొదలుపెట్టాడు. గాలికి పొట్టు కళ్లల్లో పడుతోందని వీధివైపు వీపు పెట్టి కోశాడు. ఆ మోతలో జీపు వచ్చిందీ వినపడలేదు, పోయిందీ వినపడలేదు. మూడో పలక సగంలో ఉండగా మిషను ఆగిపోయింది. కరెంటోళ్లను నాలుగు తిట్టి, ప్లగ్గు ఊడిందేమో చూద్దామని వీధి దాటాడు.

ప్లగ్గు ఊడే ఉంది. గురప్ప కత్తి దెబ్బలకు పడిపోతూ ఆ వైరునే పట్టుకున్నాడు. చేతిలోంచి విడిపించడం మా వల్ల కాలేదు.

"కత్తులు పట్టినోళ్లు వేరే. నీ తప్పేముండాది పీరన్నా" అంది గురప్ప భార్య చిన్నసుబ్బమ్మ, అంత ఏడుపులోనూ. ఆ మాట అతనికి ఎక్కలేదు. పలకలు వాకిట్లోనే ఎండకూ వానకూ పగిలిపోయాయి. రేకు తలుపుకు సైతం రాత్రిపూట గడె వేయనిచ్చేవాడు కాదు. మాబున్ని భయపడుతూనే ఊరుకుంది.

రెండేళ్లకు జియావుల్లా మళ్లీ సెలవులో వచ్చాడు. బావకు వైరు బాధ లేకుండా ఉండాలని ఈసారి బ్యాటరీ మిషను తెచ్చాడు. పీర్ సాహెబ్ దాన్ని చేతిలోకి తీసుకుని మీట నొక్కాడు. గిర్రున తిరిగింది.

"ఆ పొద్దు ఇదే తెమ్మనింటే, గురప్ప తలుపు మూసుకొని ఉండేటోడు గదరా."

అందరి ముందరా అతను ఏడవడం నేను చూసింది అదొక్కసారే.